నా తప్పుకి ఓ జానెడు

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున్న ఒక నీళ్ళ ట్యాంకు పైకెక్కి పరీక్ష చేస్తుండగా బాబాయిగారి అబ్బాయి ఫోన్ చేశాడు. "దీదీ, పాపా నహీ రహే," అన్నాడు, నాన్న ఇక లేరని. నేను తెలుగులోనే "ఎప్పుడురా?" అన్నాను. "సుబహ్. చాయ్ పీతే పీతే," అన్నాడు. పొద్దున్నే, టీ తాగుతూ తాగుతూ. ట్యాంకు నిచ్చెన దిగడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది. కింద నిలబడ్డ జూనియర్లు ఏమైంది మేడమ్ అంటే, మా సర్వేయరు బాబాయిగారు పోయారని చెప్పాను. ఇద్దరూ హెల్మెట్లు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆయన్ని వాళ్ళు ఒక్కసారే చూశారు. ఆ ఒక్కసారికే.

ఆయన నాకు చుట్టం కాదు. మా నాన్నది ఇచ్ఛాపురం, ఆయనది పర్లాకిమిడి. నాన్న ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఆయన కట్టడాల కాంట్రాక్టర్ల దగ్గర సర్వేయరు. జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో మా చిన్నప్పుడు తెలుగువాళ్ళం ఒకరికొకరం అత్తలం, మావయ్యలం అయిపోయినట్టే ఆయన నాకు బాబాయి అయ్యారు. తర్వాత వాళ్ళు అదే ఊళ్ళో కద్మా పేటలో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. వరస మాత్రం పోలేదు.

సర్వేయరంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మూడు కాళ్ళ స్టాండు మీద చిన్న దుర్భిణిలాంటి పరికరం పెడతారు. దాన్ని లెవెల్ అంటారు. దూరంగా ఇంకొకళ్ళు అంకెలు గీసిన పొడుగు కర్ర నిలబెట్టి పట్టుకుంటారు. ఇందులోంచి ఆ కర్ర మీది అంకె చూసి, ఈ చోటు కన్నా ఆ చోటు ఎంత ఎత్తు, ఎంత పల్లం అని చెప్పడమే ఆ పని. బాబాయిగారికి డిగ్రీ లేదు. ఐ.టి.ఐ. చదివారు. కానీ జంషెడ్‌పూర్‌లో ఏ వీధి ఏ వీధికన్నా ఎంత పల్లమో ఆయన నోటికి వచ్చు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చెప్పులు విప్పుతూనే గుమ్మం వైపూ వీధి వైపూ ఓసారి చూసేవారు. "మీ గుమ్మం వీధికి మూడు మెట్లు పైనుంది. బావుంది," అని, అప్పుడు లోపలికి వచ్చేవారు. ఇల్లు ఎంత పెద్దది, సోఫా కొత్తదా అన్నవి ఆయన కళ్ళకి ఆనేవి కావు.

చెవి మీద పెన్సిలు. బ్లేడుతో చెక్కిన ముక్కు. చొక్కా జేబులో పాలకవరులో చుట్టిన చిన్న పుస్తకం. కొలత ఒకసారి అటునుంచి తీసి, మళ్ళీ ఇటునుంచి తీసి, రెండూ కలిస్తే ఒరియాలో "ఠిక్ అఛి", సరిగ్గా ఉంది, అనుకునేవారు, తనలో తనే. కలవకపోతే ఏమీ అనేవారు కాదు. మొదటినుంచీ మళ్ళీ మొదలెట్టేవారు.

వాన పడితే ఊరంతా ఇంట్లోకి పరిగెత్తేది. ఆయన గొడుగు తీసుకుని బయటికి వెళ్ళేవారు. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడాలట. పిన్ని నాతో ఓసారి అంది: "అందరి మొగుళ్ళూ వానొత్తే పకోడీలు అడుగుతారు. ఈయన గొడుగడుగుతారు. ఏటి చెయ్యమంటావే?"

గుజరాత్‌లో భూకంపం వచ్చిన ఏడు నేను ఇంజనీరింగు పూర్తి చేసి ఉద్యోగంలో చేరాను. టీవీలో కూలిన మేడలు చూసి అందరికీ భయం పట్టుకుంది. ఊళ్ళో ఇంజనీర్లు కొందరు కలిసి ఒక కమిటీ వేశారు. భూకంపం వచ్చినా, గాలివాన వచ్చినా, వరద వచ్చినా మన ఊళ్ళో ఏవి నిలబడతాయి, ఏవి పడిపోతాయి, ముందే తిరిగి చూసి రాసిపెట్టాలి. అదీ పని. జీతం లేదు, ఆదివారాలు తిరగాలి. కుర్రవాళ్ళు కావాలంటే నేను పేరిచ్చాను. కమిటీ పెద్ద ఒక రిటైర్డు చీఫ్ ఇంజనీరు. లెవెల్ తీసే మనిషి కావాలన్నారు. నేనే బాబాయిగారి పేరు చెప్పాను. ఆయన అప్పటికి పని మానేసి ఏడాదైంది.

మొదటి మీటింగులో అందరూ భూకంపం గురించే మాట్లాడారు. స్తంభాలు, దూలాలు, ఇనుము. బాబాయిగారు చివరి కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. చీఫ్ గారు మర్యాదకి, "ఆప్ కుఛ్ కహేంగే?" అని అడిగారు, మీరేమైనా చెప్తారా అని. ఆయన లేచి నిలబడ్డారు. భూకంపం వస్తుందో రాదో తెలియదు, నది మాత్రం వస్తుంది, ఊరికి రెండు నదులున్నాయి, పైన ఎక్కడో ఆనకట్ట గేట్లు ఎత్తితే మనకి ఇక్కడ తెలిసేసరికి నీళ్ళు గుమ్మంలో ఉంటాయి అని హిందీలో చెప్పి కూర్చున్నారు. ఒకరిద్దరు నవ్వారు. చీఫ్ గారు నవ్వలేదు. "సరే, వరద భాగం మీరూ ఈ అమ్మాయీ చూడండి," అన్నారు. అలా నేను ఆయన కర్ర పట్టుకునే మనిషినయ్యాను.

మొదటి ఆదివారం జుగ్సలాయి బజారుకి తీసుకెళ్ళారు. నేను ఫారాలు, టేపు, సుత్తి అన్నీ సంచీలో వేసుకుని వెళ్ళాను. గోడలు కొట్టి చూస్తాం అనుకున్నాను. ఆయన నన్ను ఓ ముసలి మార్వాడీ వ్యాపారి గోడౌనులోకి తీసుకెళ్ళి పప్పుల బస్తాలు చూపించారు. బస్తాలన్నీ చెక్కబల్లల మీద, నా మోకాలికి పైన ఉన్నాయి.

"ఏటి కనబడతంది?" అన్నారు.

"బస్తాలు," అన్నాను.

"ఆ బల్ల ఎత్తు చూడు. పక్క గోడౌనుకెళ్ళి అక్కడా చూడు."

వీధి పొడుగునా చూశాను. నదివైపు వెళ్ళేకొద్దీ బల్లలు పొడుగవుతున్నాయి. ముసలాయన నవ్వుతూ, "మేరే పితాజీ నే బనవాయా థా. బాఢ్ కే బాద్," అన్నాడు. వరద తర్వాత వాళ్ళ నాన్న చేయించినవి. బాబాయిగారు పుస్తకం తీసి రాసుకున్నారు. ఏ ఆఫీసు ఫైల్లోనూ లేని వరద లెక్క ఆ బల్లల కాళ్ళలో ఉంది. నాలుగేళ్ళు కాలేజీలో చదివిన దానికన్నా ఆ పూట నేను ఎక్కువ నేర్చుకున్నానని అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆయన దేన్ని పరీక్ష చేసినా అడిగే ప్రశ్న వేరేగా ఉండేది. ఆస్పత్రి గోడ బలంగా ఉందా అని అడిగేవారు కాదు. జనరేటరు ఎక్కడ పెట్టారు, దాని డీజిలు ఎక్కడుంది, ఆ గది తాళం ఎవరి దగ్గరుంటుంది అని అడిగేవారు. వంతెన దగ్గరికెళ్తే వంతెన కన్నా ముందు దానికి రెండువైపులా ఉన్న రోడ్డు పల్లం చూసేవారు. వంతెన నిలబడి, రోడ్డు మునిగితే ఆ వంతెన ఎవరికని. "నిలబడ్డం అంటే గోడ నిలబడ్డం కాదు తల్లీ. మర్నాడు పొద్దున్న కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి. అదీ నిలబడ్డం," అనేవారు. ఈ మాట నేను ఇప్పుడు ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు. ఎవరి మాటో కూడా చెప్తాను.

ఇక అసలు సంగతి.

కద్మా దాటి నది వైపు ఓ ప్రైవేటు కాలనీ ఉంది. పేరు ఎందుకులెండి. నూటికి పైగా ఇళ్ళు, వాటన్నిటికీ ఒకటే పంపుహౌసు. బోరు మోటార్లు, కరెంటు ప్యానెల్, అన్నీ ఆ ఒక్క గదిలో. మే నెల, ఎండ మాడ్చేస్తోంది. నది ఒడ్డున బట్టలుతికే ఓ ముసలావిడ బాబాయిగారికి ఒక బండ చూపించింది. తన పెద్దకూతురు పుట్టిన ఏడు నీళ్ళు ఆ బండ నెత్తి దాకా వచ్చాయంది. ఆయన ఆవిణ్ణి మూడు రకాలుగా అడిగారు. మూడుసార్లూ అదే బండ చూపించింది. ఆ బండ మీద కర్ర పట్టుకుని నన్ను నిలబడమన్నారు. అక్కణ్ణుంచి కొలుచుకుంటూ కొలుచుకుంటూ పంపుహౌసు గుమ్మం దాకా వచ్చాం.

ఆయన పుస్తకంలో కూడికలు చేశారు. మళ్ళీ పంపుహౌసు నుంచి బండ దాకా కొలిచాం. కూడికలు చేశారు. రెండూ కలిశాయి. నేను "ఠిక్ అఛి" కోసం ఎదురుచూశాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని పంపుహౌసు మెట్టు మీద కూర్చుండిపోయారు.

"ఏమైంది బాబాయిగారూ?"

"ఈ గది నేల ఆ బండకన్నా రెండడుగులు కిందుంది."

"అయితే రాద్దాం. పల్లంలో కట్టారని."

"కట్టారని కాదు. కట్టించాను. నేల ఎంత ఎత్తుండాలో లెవెల్ ఇచ్చింది నేనే."

ఇరవై ఏళ్ళ కిందట ఆ కాలనీ వేసేటప్పుడు కాంట్రాక్టరు ఆయనకి ఒక కాగితం ఇచ్చాడట. దాని మీద వరద ఎంత ఎత్తు వస్తుందో అంకె వేసి ఉంది. ఆయన ఆ అంకెని నమ్మి దానికి పైన నేల పెట్టించారు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగలేదు. నది ఒడ్డుకి వెళ్ళి ఎవరినీ అడగలేదు.

"ఆవిడ అప్పుడూ ఇక్కడే బట్టలుతికేదమ్మా," అన్నారు. "ఐదు నిమిషాల నడక. ఎళ్ళలేదు నేను."

నాకు ఆయన్ని అలా చూడటం కష్టమైంది. "బాబాయిగారూ, ఆ సంగతి ఇప్పుడు ఎవరికి గుర్తుంటుంది? నేల తక్కువగా ఉంది, ఎత్తు పెంచండి అని రాద్దాం. ఎవరు పెట్టారన్నది మనకెందుకు?" అన్నాను.

ఆయన కోపపడలేదు. నెమ్మదిగా చెప్పారు. "ఎందుకంటే, తప్పెలాగొచ్చిందో రాయకపోతే ఇంకోడు మళ్ళీ అలాగే చేత్తాడు. ఊళ్ళో అందరి పనీ పరీక్ష చేత్తన్నాం కదా. నా పని దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుంటే, మిగతా రాసిందంతా ఏటికి పనికొత్తాది? రాయి. నా పేరు పూర్తిగా రాయి. ఇంటిపేరుతో."

నేను రాయలేదు.

ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. కమిటీలో ఒక పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచి, ఈ పేజీ ఇలా వెళ్తే మన రిపోర్టు మొత్తం నవ్వులపాలవుతుంది, మన సర్వేయరే తప్పు లెవెల్ ఇచ్చాడంటే మిగతా లెవెల్స్ ఎవరు నమ్ముతారు, అన్నాడు. నాకు కొత్త ఉద్యోగం. ఆ కమిటీలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. పైగా ఆయన పరువు కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పేరు తీసేసి టైపు చేయించాను. "గతంలో తీసుకున్న కొలతల్లో లోపం వల్ల" అని ఒక గుడ్డి వాక్యం పెట్టాను.

బాబాయిగారు ఆ కాపీ ఇంట్లో వరండాలో కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. పిన్ని నాకు అరటికాయ బజ్జీలు పెట్టింది. ఆ పేజీ వచ్చేసరికి నేను బజ్జీ తినడం మానేశాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి పక్కన పెట్టి, పెన్ను అడిగారు. నా గుడ్డి వాక్యం కొట్టేసి, పైన ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు, ఇంటిపేరు, ఆ ఏడు, తను విచారించకుండా కాగితం మీది అంకె వాడిన సంగతి రాశారు. కాపీ నా చేతికిచ్చారు.

"మళ్ళీ టైపు చేయించమ్మా," అన్నారు. ఒక్క మాట కూడా కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

నేను రెండో బజ్జీ తినకుండానే లేచి వెళ్ళి టైపు చేయించాను. చీఫ్ గారు ఆ పేజీ రెండుసార్లు చదివారు. "ఇస్ పేజ్ కో పహలే రఖో," అన్నారు. ఆ పేజీయే రిపోర్టులో మొదటి పేజీ అయింది.

కాలనీ వాళ్ళ మీటింగుకి బాబాయిగారూ నేనూ వెళ్ళాం. కాలనీ సెక్రటరీ రిటైరైన ఫోర్‌మాన్, గట్టి మనిషి. పంపుహౌసులో మోటార్లు, ప్యానెల్ ఎత్తయిన దిమ్మె మీదికి ఎక్కించాలని బాబాయిగారు చెప్పగానే ఆయన కాగితాలు తిరగేసి, "అరే, ఆప్ హీ నే తో లెవెల్ దియా థా!" అన్నాడు, ఆ లెవెల్ ఇచ్చింది మీరేగా అని. హాలంతా నవ్వు.

"హాఁ జీ," అన్నారు బాబాయిగారు. "మైఁనే హీ దియా థా. గలత్ దియా థా." నేనే ఇచ్చాను, తప్పుగా ఇచ్చాను అని.

నవ్వు ఆగిపోయింది. కానీ పని జరగలేదు. ఇరవై ఏళ్ళుగా రాని నీళ్ళు ఇప్పుడెందుకొస్తాయని ఒకరు, ముసలాయనకి చాదస్తమని ఒకరు. మేం బయటికొచ్చేశాం. స్కూటరు మీద ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని కద్మా తీసుకొచ్చాను. ఇంటి ముందు దిగి, "ఆళ్ళది తప్పు కాదు. అంకె చెప్పాను. అంకె ఎవరికి కనబడతాది? వచ్చే ఆదివారం సుద్దముక్కలు పట్రా," అన్నారు.

ఆ ఆదివారం నా జీవితంలో మరిచిపోలేనిది. బాబాయిగారు కాలనీ మొదటి వీధి మొదట్లో స్టాండు పెట్టారు. నేను కర్ర పట్టుకుని ప్రతి ఇంటి ముందూ నిలబడ్డాను. ఆయన చెయ్యి పైకీ కిందకీ ఊపి ఆగమన్న చోట గోడ మీద సుద్దతో గీత గీశాను. ఆ ముసలావిడ చెప్పిన బండ ఎత్తుకి గీత. గేటు మీద, కిటికీ కింద, తులసికోట మీద, నిలబెట్టిన స్కూటరు సీటు మీద. పది గంటలకల్లా ఆడవాళ్ళందరూ బయటికొచ్చేశారు. "లోపల ఎంతవరకు వస్తుంది?" అని ఒకావిడ అడిగింది. లోపలా గీశాం. గ్యాసు సిలిండరు మునిగింది. బియ్యం డ్రమ్ము మునిగింది. ఫ్రిజ్జు సగం మునిగింది. ఒకావిడ తన పూజగదిలో గీత చూసి దేవుడి పటాలు తీసి పై అరలో పెట్టుకుంది.

సెక్రటరీగారు ఇంట్లో లేరు. వాళ్ళమ్మ ఉంది. ఎన్నో ఏళ్ళుగా మంచం మీద ఉన్న మనిషి. మాట మాత్రం స్పష్టం. నన్ను పిలిచి గదిలో కూడా గీయమంది. గీశాను. ఆవిడ తల తిప్పి గోడ వైపు చూసింది. గీత మంచానికి ఒక జానెడు పైనుంది. పడుకున్న ఆవిడ ముఖానికి పైన.

"బేటీ," అంది, "మేరే బేటే కో బులావో." మా అబ్బాయిని పిలవమని.

సెక్రటరీగారు బజారు నుంచి సంచీతో వచ్చారు. అమ్మ పక్కన నిలబడి ఆ గీత చూశారు. ఆవిడ ఏమందో నాకు తెలియదు, మేం బయటికొచ్చేశాం. పావుగంటకి ఆయన వీధిలోకి వచ్చి బాబాయిగారి పక్కన నిలబడ్డారు. "కబ్ షురూ కరేఁ?" అన్నారు. ఎప్పుడు మొదలెడదాం అని.

వానలు ముదరకముందే పని అయిపోయింది. పంపుహౌసులో కాంక్రీటు దిమ్మె పోశారు. మోటార్లు, ప్యానెల్ దాని మీదికెక్కాయి. ఇళ్ళల్లో కదల్లేని వాళ్ళెవరు, వాళ్ళని పై అంతస్తున్న ఏ ఇంటికి చేర్చాలి అని జాబితా రాసి పంపుహౌసు తలుపుకి అంటించారు. బాబాయిగారు రోజూ వెళ్ళి నిలబడేవారు. ఇంటి వరండా కప్పు కారుతోందని పిన్ని గోల. "ఊరి పంపుహౌసు తడవకూడదట. సొంత ఇల్లు తడిస్తే పరవాలేదట," అనేది, ఆయనకి క్యారేజీ కడుతూనే.

దిమ్మె ఎత్తు దగ్గర మేస్త్రీతో చిన్న గొడవ. బండ ఎత్తుకి ఒక అడుగు పైన చాలన్నాడు మేస్త్రీ. బాబాయిగారు తన చెయ్యి చాపి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా ఆ అడుగు మీద ఇంకా పెట్టారు.

"అదెందుకు బాబాయిగారూ? లెక్క ప్రకారం అడుగు చాలు కదా," అన్నాను.

"అడుగు ఏటికి. ఈ జానెడు నాకు. ఒకసారి తప్పాను, మళ్ళీ తప్పనని ఏటి నమ్మకం? నా తప్పుకి ఓ జానెడు ఉంచు," అన్నారు. ఏటి అంటే ఇక్కడ నది. ఏటికి ఒక అడుగు, తనకి ఒక జానెడు. మేస్త్రీకి నేను హిందీలో చెప్తే వాడు బాబాయిగారి వైపు చూసి కాంక్రీటు పోసే చెక్క పలక ఎత్తి కట్టాడు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. నది రాలేదు. సుద్దగీతలు వానలకి పోయాయి. ఆయన ఎదురుపడితే నవ్వే కుర్రాళ్ళు మళ్ళీ తయారయ్యారు. "అంకుల్, పానీ కబ్ ఆయేగా?" అని అడిగేవాళ్ళు, నీళ్ళెప్పుడొస్తాయని. ఆయనా నవ్వేవారు. "రాకపోతేనే మంచిది కదా బాబూ," అని తెలుగులో అనేవారు, వాళ్ళకి అర్థమైనా కాకపోయినా.

వచ్చింది. ఒక వానాకాలం, మూడు రోజుల వాన మీద, పైన గేట్లెత్తారన్న కబురు పొద్దున్న తొమ్మిదింటికి తెలిసింది. నేను కాలనీకి చేరేసరికి బాబాయిగారు అప్పటికే అక్కడున్నారు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి. సెక్రటరీగారు జాబితా పట్టుకుని పేర్లు పిలుస్తున్నారు. వాళ్ళమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకుని ఎదురింటి మేడ మీదికి చేర్చారు. ఆవిడ పైనుంచి, "అరే, మేరా చష్మా!" అని కేకేస్తే మళ్ళీ ఒకడు పరిగెత్తి కళ్ళజోడు తెచ్చాడు. మధ్యాహ్నానికి వీధిలో నీళ్ళు. కరెంటు వాళ్ళే ముందుగా ఆపేశారు. మేమందరం మేడమీదకెక్కాం.

పంపుహౌసు లోపలి గోడ మీద బాబాయిగారు ఆనాడే ఎర్రరంగుతో ఒక గుర్తు వేయించారు, బండ ఎత్తుకి. మేడ మీది నుంచి, తెరిచి ఉన్న తలుపులోంచి ఆ గుర్తు తిన్నగా కనిపిస్తుంది. రెండు గంటలకి నీళ్ళు గుర్తుని తాకాయి. మూడింటికి గుర్తు మునిగింది. నాలుగింటికి దిమ్మె అంచు వేళ్ళతో కొలిచేంత దూరంలో ఉంది. ఆ ముసలావిడ చూసిన వరద కన్నా ఇది పెద్దది.

బాబాయిగారి ముఖం పాలిపోయింది. పిట్టగోడ పట్టుకుని, "మళ్ళీ తప్పానమ్మా," అన్నారు.

"అడుగు అయిపోయింది బాబాయిగారూ. మీ జానెడు ఇంకా ఉంది," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. నీళ్ళవైపే చూస్తున్నారు. ఆ గంట ఎలా గడిచిందో నేను చెప్పలేను. ఐదింటికి నీళ్ళు ఆగాయి. జానెడులో సగం తిని ఆగాయి. చీకటి పడకముందే గోడ మీద తడి మచ్చ వదిలి ఒక వేలు మందం కిందికి దిగాయి. ఆయన పిట్టగోడ మీద చెయ్యి తీసి, జేబులోంచి పుస్తకం తీసి టైము రాసుకున్నారు.

రెండు రోజుల తర్వాత కరెంటొచ్చింది. మోటారు మొదటి మీట నొక్కగానే తిరిగింది. నది పొడుగునా ఎన్నో చోట్ల మోటార్లు కాలిపోయి జనం ట్యాంకర్ల కోసం వరసల్లో నిలబడితే, ఈ కాలనీలో ఆ పొద్దున్న కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. పక్క బస్తీల వాళ్ళు కూడా బిందెలతో వచ్చి ఇక్కడే పట్టుకెళ్ళారు. పత్రికలు మునిగిన చోట్ల ఫొటోలు వేశాయి. కుళాయిలో నీళ్ళు రావడానికి ఎవరు ఫొటో తీస్తారు? నేను తీయలేదు, ఇప్పుడు బాధపడుతున్నాను. బాబాయిగారు ఒక కుళాయి దగ్గర నిలబడి, ఒక పాప బిందె నిండేదాకా చూసి, ఇంటికెళ్ళి పడుకున్నారు. పద్నాలుగు గంటలు నిద్రపోయారని పిన్ని చెప్పింది.

అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయని చెప్తే అబద్ధం. ఇంకో బస్తీలో ఒక చిన్న బడి ప్రహరీగోడని ఆయనే చూసి బాగుందని రాశారు. ఆ వరదకి అది పడిపోయింది. వానలకి బడి మూసేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. భూమి అదిరితే నిలబడుతుందా అని చూశారు గానీ, ఒకవైపే నీళ్ళు నిలిచి తోస్తే ఏమవుతుందో చూడలేదు. వారం తర్వాత ఆయన నన్ను తీసుకుని ఆ బడి హెడ్ మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించి, "ఈ గోడ బావుందని రాసింది నేను," అని చెప్పారు. ఆవిడకి ఏం చెయ్యాలో తెలియక టీ తెప్పించింది. తిరిగొచ్చి ఆ తప్పుకి కూడా ఓ పేజీ రాసి రిపోర్టులో పెట్టించారు, మళ్ళీ ఇంటిపేరుతో సహా. ఈసారి నేను ఒక్క అక్షరం మార్చలేదు.

కాలనీ వాళ్ళు శాలువా కప్పుతామన్నారు. వద్దన్నారు. పోనీ ఏం కావాలన్నారు. పంపుహౌసు గోడ మీద కొత్త గుర్తు వేయించమన్నారు, ఈసారి నీళ్ళు వచ్చినంత ఎత్తుకి. పక్కన ఆయన పేరు రాయబోతే ఆపి, తేదీ ఒక్కటే రాయించారు. "తప్పుకి పేరు కావాలి. నీళ్ళకి తేదీ చాలు," అన్నారు.

నేను ఈ రోజు చేస్తున్న పని ఆయన నేర్పినదే. ఎక్కడికెళ్ళినా మొదట అక్కడి ముసలివాళ్ళని అడుగుతాను. నా కింద పనిచేసే పిల్లలు తప్పు చేసి నా దగ్గరికి వచ్చి చెప్తే, వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇస్తాను. బాబాయిగారి అంత్యక్రియల రోజున, ట్యాంకు కింద నిలబడ్డ ఆ జూనియర్లిద్దరూ వచ్చారు. సెక్రటరీగారు పాడె ఒక కొమ్ము పట్టారు. ఆయనకీ ఇప్పుడు డెబ్భై దాటాయి, వద్దన్నా వినలేదు. డిగ్రీ లేని ఓ సర్వేయరుకి, మా పర్లాకిమిడి బాబాయికి ఊళ్ళో ఇంజనీర్లందరూ తలవంచి నిలబడటం చూసి, ఏడుస్తూనే నాకు గర్వంగా అనిపించింది. ఆయన వింటే నవ్వేసేవారు.

చివరిసారి ఆయన్ని బయటికి తీసుకెళ్ళింది మొన్నటి చలికాలంలో. అప్పటికి నడక బాగా తగ్గింది. నేను నది మీద ఒక పాత వంతెన పరీక్ష చేస్తున్నానని చెప్తే, "నన్నూ ఓసారి తీసుకెళ్ళవే," అన్నారు. నా జూనియర్లిద్దరూ ఆ సాయంత్రమే ఆయన్ని చూశారు, ఆ ఒక్కసారే. కొలతల కాగితాలు తెచ్చి చూపించబోతే ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. వంతెన మధ్యదాకా నెమ్మదిగా నడిచి, ఇనుప రెయిలింగు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నారు. నేనూ నా జూనియర్లూ కూడా పక్కనే చేతులు పెట్టాం. షిఫ్టు వదిలిన బస్సొకటి నిండుగా జనంతో అటు చివర ఎక్కింది. కిటికీలకి తలలు ఆన్చి నిద్రపోతున్న మనుషులు, ఒళ్ళో టిఫిన్ డబ్బాలు. బస్సు మమ్మల్ని దాటి, ఇటు చివర దిగి, మలుపు తిరిగిపోయింది. జూనియర్లు చేతులు తీసేశారు. నేనూ తీసేశాను. ఆయన మాత్రం ఇనుములో వణుకు పూర్తిగా ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.